డ్రాయింగులో లేని వాల్వు

జగ్గయ్యపేట దాటి సున్నపురాయి క్వారీల వైపు వెళ్ళే రోడ్డులో ఒక సిమెంటు ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్నాను. మెయింటెనెన్సులో జూనియర్ ఇంజినీరుని. మాది పెనుగంచిప్రోలు పక్కన పల్లె. అమ్మానాన్న మిరప కోతలకి కూలికి వెళ్ళి నన్ను డిప్లొమా చదివించారు. ఇప్పుడు పేటలో అద్దెకి ఉంటున్నాం. మా ఆవిడ నందిగామలో టీచరు. పొద్దున్నే ఆమె నందిగామ మీదుగా వెళ్ళే విజయవాడ బస్సెక్కుతుంది, నేను ఫ్యాక్టరీ బస్సెక్కుతాను.

నాకు పని నేర్పింది అక్కడి సీనియర్ ఫిట్టరు. ఆయనది నందిగామ. మా ఇద్దరికీ చుట్టరికం లేదు, చర్చికి వెళ్ళేవాణ్ణి నేను, వేదాద్రి నరసింహస్వామికి మొక్కుకునే మనిషి ఆయన. అయినా చేరిన మొదటి వారంలోనే బాబాయ్ అని పిలిచాను, అదే ఉండిపోయింది. నలుగురిలో నన్ను సార్ అనేవాడు. ఇద్దరమే ఉంటే అబ్బాయ్ అనేవాడు.

సున్నపురాయిని కాల్చి క్లింకర్ గడ్డలుగా మార్చే కొలిమి నుంచి వచ్చే వేడి గాలి మా దగ్గర ఎన్నో ఏళ్ళు ఊరికే ఆకాశంలోకి పోయేది. ఆ వేడితో నీళ్ళు మరిగించి, ఆ ఆవిరితో టర్బైను తిప్పి కరెంటు తీసే యూనిట్ ఒకటి పెట్టాలని యాజమాన్యం నిర్ణయించింది. యంత్రాలు చైనా నుంచి తెప్పించారు. ధర తక్కువ, తొందరగా పంపుతారు. అప్పట్లో ఎవరూ దాని గురించి రెండోసారి ఆలోచించలేదు. చెక్క పెట్టెలు లారీల మీద వచ్చి యార్డులో దిగాయి. పెట్టెల మీద చైనా అక్షరాలు చూసి మా వాళ్ళు ఫోటోలు దిగారు.

పెట్టెల వెనక మనుషులు వచ్చారు. ముగ్గురు. వాళ్ళలో ఇద్దరు కుర్రవాళ్ళు నాలుగు నెలల్లో వెళ్ళిపోయారు. పెద్దాయన ఉండిపోయాడు. యాభై దాటిన మనిషి, పొట్టిగా, నెరిసిన జుట్టు దగ్గరగా కత్తిరించుకుని, ఎప్పుడూ చేతిలో స్టీలు ఫ్లాస్కుతో ఉండేవాడు. మే నెల ఎండలో కూడా వేడినీళ్ళే తాగేవాడు. వాళ్ళ కుర్రవాళ్ళు ఆయన్ని పేరు పెట్టి పిలిచేవారు కాదు, షిఫూ అనేవారు. అర్థం ఏమిటని ఫోన్లో వెతికితే, చేతిపని నేర్పే పెద్ద అని వచ్చింది. బాబాయికి తెలుగులో చెప్పాను.

"అంటే మాస్టారు. ఆ మాట ముందే చెప్పొచ్చుగా," అన్నాడు బాబాయ్.

అప్పటినుంచి మా ప్లాంటులో అందరికీ ఆయన మాస్టారే.

మాస్టారికి ఇంగ్లీషు పది మాటలు వచ్చు. నాతో మాట్లాడాలంటే ఫోన్లో వాళ్ళ భాషలో చెప్పేవాడు, ఫోను ఇంగ్లీషులోకి మార్చేది, నేను మిగతావాళ్ళకి తెలుగులో చెప్పేవాణ్ణి. బాబాయితో మాత్రం ఫోను అక్కర్లేదు. పొడుగు స్క్రూడ్రైవరు కొన బేరింగు మీద పెట్టి, పిడి చెవికి ఆనించుకుని మాస్టారు కళ్ళు మూసుకునేవాడు. తర్వాత అది బాబాయి చేతికిచ్చేవాడు. బాబాయి కూడా విని తల ఊపేవాడు, లేదా పెదవి విరిచేవాడు. ఏ బోల్టు బిగించాలో ఏది వదలాలో వాళ్ళిద్దరూ చేతి సైగలతో తేల్చుకునేవాళ్ళు. నేను కాగితాలు రాసేవాణ్ణి.

ఒక ఆదివారం మాస్టారిని మా ఊరు తీసుకెళ్ళాను. మిరపకాయలు కల్లాల్లో ఆరబోసి ఉన్నాయి. ఆయన ఆ ఎరుపు చూసి చాలాసేపు నిలబడ్డాడు. వంగి ఒక కాయ తీసుకుని విరిచి, గింజలతో సహా నమిలి మింగాడు. మా అమ్మ నీళ్ళచెంబుతో పరిగెత్తుకొచ్చింది. ఆయన అక్కర్లేదని చెయ్యి ఊపి, ఫోన్లో ఏదో చెప్పి నాకు చూపించాడు. ఈ రకం కాయే మా ఊరి బజారులో అమ్ముతారు, ఎక్కడ పండుతుందో ఇప్పుడు చూశాను, అని ఉంది అందులో. కల్లం మొత్తం వీడియో తీసి భార్యకి పంపాడు. మా అమ్మ ఆయనకి రెండు కిలోల కాయలు సంచిలో కట్టిచ్చింది. ఇంకోసారి బాబాయి ఆయన్ని వేదాద్రి తీసుకెళ్ళాడు. కృష్ణలో కాళ్ళు కడుక్కుని, బాబాయి చేసినట్టే చేతులు జోడించి నిలబడ్డాడట.

యూనిట్ బిగింపు దాదాపు పూర్తయింది. ఇక ఆవిరి ఎక్కించి నడిపి చూడటమే మిగిలింది. జనవరిలో వాళ్ళ కొత్త సంవత్సరం పండగకి మాస్టారు ఇంటికి బయలుదేరాడు. మూడు వారాల్లో వస్తానని వేళ్ళతో చూపించాడు. పనిముట్ల పెట్టె మా స్టోరులోనే వదిలి వెళ్ళాడు.

అది 2020. ఆ తర్వాత జరిగింది అందరికీ తెలుసు. ముందు వాళ్ళ దేశంలో జబ్బు, తర్వాత మన దగ్గర లాక్‌డౌన్. విమానాలు ఆగిపోయాయి. ఫ్యాక్టరీ కొన్నాళ్ళు మూసి మళ్ళీ తెరిచారు. యూనిట్ అలాగే ఉంది. పై నుంచి ఒత్తిడి మొదలయ్యింది, మనిషి రాలేకపోతే ఫోన్లోనే చెప్పించుకుని నడపండని. మాస్టారు వాళ్ళ దేశపు చాటింగ్ యాప్ నా ఫోన్లో ఎప్పుడో వేయించాడు. రోజూ పొద్దున తొమ్మిదికి వీడియో కాల్. నేను ఫోను పట్టుకుని యంత్రం చుట్టూ తిరిగేవాణ్ణి, బాబాయి పక్కన నడిచేవాడు. మాస్టారు తన ఇంట్లో వంటగదిలో కూర్చుని, ఇక్కడ ఆపు, ఇది తిప్పు అని చెప్పేవాడు. వెనక ఆయన భార్య కూరగాయలు తరిగే చప్పుడు వినిపించేది. అలా సగం పని అయ్యింది.

జూన్‌లో చైనా సరిహద్దులో ఘర్షణ జరిగింది. మన సైనికులు చనిపోయారు.

ఆ రోజు కంట్రోల్ రూంలో టీవీ ముందు ఇరవై మంది నిలబడ్డాం. శవపేటికలు చూపిస్తున్నారు. నా పక్కనే ఉన్న ఆపరేటరు కళ్ళు తుడుచుకున్నాడు, వాళ్ళ తమ్ముడు మిలిటరీలో ఉన్నాడు. నాకు కూడా కోపం వచ్చింది. ఎవరి మీదో స్పష్టంగా తెలియదు కానీ వచ్చింది.

ఆ తర్వాత నిర్ణయాలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఆ దేశం యాప్‌లు నిషేధించారు. ఆ దేశం నుంచి వచ్చే సరుకుని ఓడరేవులో పెట్టె పెట్టె విప్పి చూస్తున్నారని, మా స్పేర్లు అక్కడే ఆగిపోయాయని చెప్పారు. కరెంటుకి సంబంధించిన యంత్రాలు పొరుగు దేశాల నుంచి తెప్పించడానికి అనుమతి ఇకమీదట అంత తేలిక కాదన్నారు. వీసాలు దాదాపు ఆగిపోయాయి. మా ఆవిడ బడికి కూడా ఏదో కాగితం వచ్చింది, పిల్లలతో స్వదేశీ వస్తువుల మీద వ్యాసాలు రాయించమని. ఆమె ఆన్‌లైన్‌లో రాయించింది. ఇవేవీ తప్పని నేను అనుకోలేదు. చనిపోయింది మనవాళ్ళు. ఒక దేశం మీద ఇంతగా ఆధారపడకూడదని ప్రభుత్వం అనుకుంటే కాదనడానికి నేనెవర్ని? ఇప్పటికీ అదే అంటాను.

మేనేజరు గారు నన్ను పిలిచారు.

"మీరు ఫోన్లో ఆ మనిషితో మాట్లాడుతున్నారా?"

"పని గురించేనండి. మీకు తెలిసిందేగా."

"నాకు తెలుసు. కానీ ఇప్పుడు రోజులు బాలేవు. ఇకమీదట ఏదైనా ఈమెయిల్లోనే అడుగుదాం, వాళ్ళ కంపెనీకి. రేపు ఎవరన్నా వచ్చి అడిగితే జవాబు చెప్పాల్సింది నేను."

"సరేనండి."

యాప్ నిషేధించారని టీవీలో చెప్పినా, నా ఫోన్లో అది ఇంకా కొన్ని వారాలు పనిచేసింది. కాల్స్ మానేశాను. మాస్టారు అప్పుడప్పుడు మెసేజి పెట్టేవాడు. నీకు కుశలమా, ఫిట్టరుకి కుశలమా, అని. ఒకటి రెండిటికి జవాబిచ్చాను. తర్వాత అది కూడా మానేశాను.

ఒక రోజు మధ్యాహ్నం టీ వేళ కంట్రోల్ రూంలో కూర్చుని ఉన్నాను. ఫోను టింగ్ మంది. పైన చిన్నగా కనిపించింది, ఆయన పంపిన ఫోటో. పైపులేవో ఉన్నాయి, వాటి మీద ఎర్ర గీతతో సున్నా చుట్టి ఉంది. కింద వాళ్ళ అక్షరాలు రెండు మూడు వరసలు.

టీవీలో మళ్ళీ సరిహద్దు సంగతే నడుస్తోంది. తమ్ముడు మిలిటరీలో ఉన్న ఆపరేటరు నా ఫోను వైపు చూశాడు.

"ఏంటి సార్, ఇంకా ఆ యాప్ తియ్యలేదా మీరు?"

మామూలుగానే అడిగాడు. గొంతులో ఎత్తిపొడుపు కూడా లేదు. నేను ఫోను జేబులో పెట్టుకున్నాను.

"తీస్తున్నా," అన్నాను.

ఇంటికెళ్ళాక చూద్దామనుకున్నాను. చూడలేదు. రేపు చూద్దామనుకున్నాను. ఆ రేపు కూడా చూడలేదు. మూడో రోజో నాలుగో రోజో యాప్ తెరిస్తే లోపలికి వెళ్ళనివ్వలేదు. మీ ప్రాంతంలో ఈ సేవ లేదని ఏదో వచ్చింది. రెండుసార్లు ప్రయత్నించి, యాప్ తీసేశాను. నిజం చెప్పాలంటే కాస్త బరువు దిగినట్టే అనిపించింది. ఇక తీశావా అని ఎవరూ అడగరు.

వాళ్ళ కంపెనీకి ఈమెయిల్లో ప్రశ్నలు పంపాం. జవాబులు పదిహేను రోజులకి వచ్చేవి, అచ్చుపుస్తకంలో ఉన్నదే తిరగరాసి. మాస్టారి మాటల్లా ఉండేవి కావు. వానాకాలం చివర్లో, డ్రాయింగులు చూసుకుని మా అంతట మేమే ఆవిరి ఎక్కించాలని నిర్ణయించారు. మీటింగులో ఒకాయన అన్నాడు, మనవాళ్ళు చెయ్యలేనిది ఏముందండి అని. అందరం తల ఊపాం. నేనూ ఊపాను.

ఆవిరి పైపు విషయం కాస్త చెప్పాలి. పైపు చల్లగా ఉన్నప్పుడు ఆవిరి వదిలితే ముందు అది నీళ్ళుగా మారుతుంది. ఆ నీళ్ళు ఎక్కడైనా నిలిచిపోతే, వెనక నుంచి వచ్చే ఆవిరి వాటిని గుండులా విసిరికొడుతుంది. అందుకే పైపు వంగిన ప్రతి పల్లపు చోటా కింద ఒక చిన్న వాల్వు ఉంటుంది, నీళ్ళు బయటికి వదలడానికి. డ్రాయింగులో అలాంటివి ఆరున్నాయి. ఆరూ తెరిచాం. బాబాయి స్వయంగా తెరిచి, ఒక్కొక్కటీ నాకు కేకేసి చెప్పాడు, నేను కాగితం మీద టిక్కు పెట్టాను.

పొద్దున పదకొండు గంటలకి ఆవిరి వదిలాం. మెల్లగానే వదిలాం. పది నిమిషాలు బాగానే ఉంది. తర్వాత పైపులో ఎక్కడో టక్ మని చప్పుడు. మళ్ళీ టక్ టక్ మంది. బాబాయి తల పక్కకి వంచి విన్నాడు.

"అబ్బాయ్, ఆపించు. నీళ్ళున్నయ్ ఎక్కడో," అన్నాడు.

నలుగురి ముందూ అబ్బాయ్ అనడం అదే మొదటిసారి. నేను వాకీటాకీలో ఆపమని చెప్పాను. అవతల వాల్వు మూయడం మొదలుపెట్టారు, కానీ అది మూతపడటానికి టైం పడుతుంది. ఈలోగా బాబాయి చప్పుడు వచ్చిన వైపు రెండడుగులు వేశాడు. పెద్ద శబ్దం వచ్చింది. పైపు జాయింటు మధ్య బిగించిన గాస్కెట్ చిరిగి ఆవిరి తెల్లగా అడ్డంగా కొట్టింది. ఆయన అరవలేదు. ఆవిరి గోల తగ్గాక చూస్తే, ప్లాట్‌ఫారం మీద కూర్చుని కుడిచెయ్యి ఎడమచేత్తో పట్టుకుని ఉన్నాడు. చొక్కా మెడ దగ్గర అంటుకుపోయింది.

విజయవాడ ఆసుపత్రిలో రెండు నెలలున్నాడు. కరోనా రోజులు, లోపలికి ఒక్కరినే రానిచ్చేవాళ్ళు, అది ఆయన భార్య. నేను ఆదివారాలు వెళ్ళి గేటు బయట కూర్చునేవాణ్ణి. ఆవిడ కిందికి వచ్చి ఎలా ఉన్నాడో చెప్పేది, నేను తెచ్చిన క్యారేజీ తీసుకునేది. "నువ్వు తిన్నావా నాయనా?" అని అడిగేది ప్రతిసారీ. తిన్నానని చెప్పేవాణ్ణి. నిజంగానే తినేవాణ్ణి. ఆ రోజుల్లో వేళకి తిన్నాను, వేళకి పడుకున్నాను. నిద్ర పట్టేది. మా ఆవిడ నా ముఖం వంక చూసి, ఏడుపొస్తే ఏడువు, ఎవరూ ఏమీ అనుకోరు అంది. ఏడుపు రాలేదు. రావడానికి ఏదో ఉండాలి కదా లోపల. అది లేదు.

ప్రమాదం మీద విచారణ చేశారు. పైపు మీద వేడి పోకుండా చుట్టిన దూదిలాంటి గాజుపీచూ, దాని మీది అల్యూమినియం రేకూ విప్పించారు. ఒక చోట, రేకు కింద, ఏడో వాల్వు కనిపించింది. డ్రాయింగులో లేదు. బిగింపు సమయంలో పైపు అక్కడ కొద్దిగా కుంగిందని గమనించి మాస్టారు అప్పటికప్పుడు వెల్డింగు చేయించి ఉంటాడు. ఆ వారం బాబాయి సెలవులో ఉన్నాడు, నేను కొలిమి రిపేరులో ఉన్నాను. తర్వాత రేకు చుట్టేవాళ్ళు వచ్చి దాన్ని కూడా కప్పేశారు.

విచారణకి వచ్చిన పెద్దమనిషి నన్ను అడిగాడు.

"ఈ వాల్వు సంగతి మీకెవరికైనా ముందే తెలుసా?"

"తెలియదండి," అన్నాను.

అబద్ధం కాదు. తెలియదు. కానీ రేకు కింద ఆ వాల్వు చూసినప్పుడే నాకు ఆ ఎర్ర సున్నా కళ్ళ ముందు ఆడింది. ఆ ఫోటోలో ఉన్నది ఇదే అయ్యుండాలి. కాకపోనూవచ్చు. తెరవని ఫోటోలో ఏముందో ఎలా చెప్తాం? అలా అనుకుని ఐదేళ్ళు ఉన్నాను. మా ఆవిడకి కూడా చెప్పలేదు.

బాబాయి బతికాడు. కుడిచేతి వేళ్ళు లోపలికి ముడుచుకుపోయాయి, మెడ మీద చర్మం ముడతలు పడింది. కంపెనీ ఆయన్ని గేటు దగ్గర లారీలు తూచే వేబ్రిడ్జిలో కూర్చోబెట్టింది, లారీల నంబర్లు చూసి బటన్ నొక్కే పని. రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాడు. నేను లోపలికి వెళ్తూ వస్తూ చెయ్యి ఊపేవాణ్ణి. ఆయన ఎడమచెయ్యి ఊపేవాడు. పైపు బాగుచేయించాం, ఏడో వాల్వు డ్రాయింగులోకి ఎక్కింది. ఏడాది తర్వాత యూనిట్ నడిచింది. కరెంటు వస్తోంది. ప్రారంభోత్సవం నాడు అందరికీ స్వీట్లు పంచారు, నా డబ్బా నేను ఇంటికి తెచ్చాను. జిల్లాలు విడగొట్టాక మేము కృష్ణా జిల్లా వాళ్ళం కాకుండా పోయాం. ఏళ్ళు గడిచాయి.

ఈ మధ్య పేపర్లో రాశారు, ఆ దేశంతో మాటలు మళ్ళీ మొదలయ్యాయని, సాంకేతిక నిపుణులకి వీసాలు తేలిక చేస్తున్నారని. టర్బైను పూర్తిగా విప్పి చూడాల్సిన సమయం వచ్చింది. ఒక రోజు మా మేనేజరు గారు, ఈయన కొత్తాయన, మామూలుగా చెప్పారు.

"వచ్చే వారం చైనా నుంచి ఇంజినీరు వస్తున్నారు. మీరే కదా అప్పట్లో వాళ్ళతో పనిచేసింది?"

"అవునండి."

వచ్చింది ఒక అమ్మాయి, ముప్పై ఏళ్ళుంటాయి. ఇంగ్లీషు చక్కగా మాట్లాడుతోంది. పది రోజులు పనిచేశాం. ఆమె యంత్రాలకి చెవి ఆనించి వినలేదు, ల్యాప్‌టాప్‌కి వైరు పెట్టి గ్రాఫులు చూసింది. వెళ్ళిపోయే ముందురోజు మధ్యాహ్నం, స్టోరులో దుమ్ముపట్టిన ఆ పనిముట్ల పెట్టె చూపించి, దీని యజమాని మీకు తెలుసా అని అడిగాను. పెట్టె మీద రాసిన పేరు చదివి నవ్వింది. ఆమె ఉద్యోగంలో చేరిన కొత్తలో పని నేర్పింది ఆయనేనట. రిటైరయ్యాడట. తన దేశపు సిమ్ ఉన్న ఫోను తీసి అక్కడికక్కడే కాల్ కలిపింది.

ఫోన్లో మాస్టారు ముఖం వచ్చింది. జుట్టు పూర్తిగా తెల్లబడింది. నన్ను గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. తర్వాత గట్టిగా ఏదో అన్నాడు, ఆ అమ్మాయి నవ్వుతూ నాకు ఇంగ్లీషులో చెప్పింది.

"లావయ్యావంటున్నారు."

ఆరోగ్యాల గురించి మాట్లాడుకున్నాం. మనవరాలిని బడికి దింపి తెస్తుంటాడట. మా అమ్మ కుశలం అడిగాడు. పోయిందని చెప్పాను. ఆయన తల వంచాడు. తర్వాత ఫిట్టరు ఎలా ఉన్నాడని అడిగాడు.

"రిటైరయ్యాడు. నందిగామలో ఉంటున్నాడు," అన్నాను.

అంతకంటే చెప్పలేదు. చెప్పాల్సింది ప్రమాదం సంగతే అని తెలుసు, కానీ నోరు రాలేదు. దాని బదులు అడిగాను. చివర్లో మీరొక ఫోటో పంపారు, ఎర్ర సున్నా చుట్టి. అదేమిటి?

అమ్మాయి అడిగింది. ఆయన వెంటనే చెప్పాడు, ఆలోచించుకోకుండా. అమ్మాయి అది నాకు చెప్తుంటే నేను ఆయన ముఖమే చూస్తున్నాను.

"ఆవిరి పైపు కింద ఒక వాల్వు ఉంది, డ్రాయింగులో లేదు, రేకు విప్పి తెరవండి అని పంపారట. మీరు జవాబివ్వలేదట. అప్పుడు రెండు దేశాల మధ్య గొడవ కదా, మీకు తన మీద కోపం వచ్చి మాట్లాడటం మానేశారని అనుకున్నారట. పని తెలిసిన మనిషి కాబట్టి మెసేజి చదివే ఉంటారని మాత్రం అనుకున్నారట. చదివారు కదా అని అడుగుతున్నారు."

"చదివాను," అన్నాను.

ఆయన మంచిది మంచిది అన్నట్టు తల ఊపాడు. కాల్ అయిపోయింది. ఆ అమ్మాయి పెట్టె తీసుకెళ్ళలేనంది, విమానంలో బరువు ఎక్కువవుతుందని. మర్నాడు వెళ్ళిపోయింది.

ఆ వారం చర్చి అయ్యాక నందిగామ బస్సెక్కాను. బాబాయి ఇంటి ముందు అరుగు మీద కూర్చుని కందికాయలు ఒలుస్తున్నాడు. కుడిచేత్తో కాయని అరచేతికి అదిమిపట్టి, ఎడమచేత్తో చీలుస్తున్నాడు. ఆయన భార్య లోపల ఉంది, తలుపు తీసే ఉంది.

"మాస్టారితో మాట్లాడా బాబాయ్."

"ఎట్టా?"

"కొత్తగా వచ్చినమ్మాయి ఫోన్లో."

"బాగున్నాడా?"

"బాగున్నాడు. మనవరాలిని బడికి తీసుకెళ్తున్నాడంట. నిన్ను అడిగాడు."

"నా చెయ్యి సంగతి చెప్పావా?"

"లేదు. రిటైరయ్యావని చెప్పా."

"మంచి పని చేశావ్. పెద్దాయన బాధపడతాడు."

నేను చెప్పులు విప్పి అరుగు మీద కూర్చున్నాను. ఇంకోటి చెప్పాలి బాబాయ్ అన్నాను. మొత్తం చెప్పాను. ఫోటో, ఎర్ర సున్నా, టీ వేళ, జేబులో పెట్టుకోవడం, యాప్ తెరుచుకోకపోవడం. ఆయన కాయలు ఒలవడం ఆపలేదు.

"మాస్టారు పంపాడన్నమాట."

"పంపాడు."

"నీకు వచ్చింది."

"వచ్చింది. తెరవలా."

"ఎందుకని?"

"భయపడ్డా."

"ఎవరికి?"

మేనేజరు ఒక్కమాట చెప్పారు, అంతే. ఆపరేటరు ఒక ప్రశ్న అడిగాడు. ప్రభుత్వం నాతో ఏమీ అనలేదు, దానికి నేనెవరో కూడా తెలియదు. నా ఫోను ఎవరూ లాక్కోలేదు.

"తెలియదు బాబాయ్."

"ఊఁ," అన్నాడు. చేటలో గింజలు పక్కకి తోశాడు. "తెరిచుంటే నేనే వెళ్ళి రేకు ఊడదీసేవాణ్ణి. అరగంట పని."

కోపంగా అనలేదు. ఒక పనికి ఎంతసేపు పడుతుందో చెప్పినట్టే చెప్పాడు. తర్వాత మా అబ్బాయి చదువు గురించి అడిగాడు. చెప్పాను. ఎండ అరుగు మీదికి వచ్చింది, లోపలికి రమ్మన్నాడు. లోపల ఆవిడ గోడవైపు తిరిగి నిలబడి ఉంది. అన్నీ విన్నదని వీపు చూస్తేనే తెలిసింది. బస్సుకి టైమైంది వెళ్ళొస్తా పిన్నీ అన్నాను. ఆవిడ తిన్నావా అని అడగలేదు. తల కూడా తిప్పలేదు.

ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పాను. "ఇన్నాళ్ళు నాతో కూడా చెప్పలా," అంది. అంతే అంది.

ఇప్పటికీ నెలకొకసారి నందిగామ వెళ్తున్నాను. బాబాయి ఎప్పటిలాగే మాట్లాడతాడు. రేట్ల గురించి, ప్లాంటులో ఎవరు మారారు, మోకాళ్ళ నొప్పి. పిన్ని గడప దాకా వచ్చి మంచినీళ్ళ గ్లాసు స్టూలు మీద పెట్టి లోపలికి వెళ్ళిపోతుంది. నేను తాగి గ్లాసు అక్కడే పెడతాను. కాసేపు కూర్చుని, మళ్ళీ పేట బస్సు ఎక్కి వచ్చేస్తాను.